పనుల లిస్టు బ్రౌజర్‌లో పెట్టుకోవాలా, యాప్ ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టాస్క్ మేనేజ్‌మెంట్ యాప్‌ల గురించి అడిగినవే ఎక్కువ. అడిగిన తీరు వేరైనా సందేహం మాత్రం దాదాపు ఒకటే కాబట్టి సంచిక మొత్తం దానికే కేటాయించాను.

ప్రశ్న: నేను ఇంటి నుంచి అనువాదాలు చేస్తుంటాను, వారంలో రెండు రోజులు ఒక సంస్థ ఆఫీసుకు కూడా వెళ్తాను. అక్కడ వాళ్లిచ్చిన విండోస్ కంప్యూటర్, ఇంట్లో నా మ్యాక్, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. పనులన్నీ ఒక్కచోట రాసుకుందామంటే నా స్నేహితురాలు "బ్రౌజర్‌లో నడిచేది తీసుకో, ఎక్కడినుంచైనా తెరవొచ్చు" అంటోంది. మా అన్నయ్యేమో "నెట్ పోతే ఏం చేస్తావు, ఇన్‌స్టాల్ చేసుకునేదే మంచిది" అంటున్నాడు. ఎవరి మాట వినను?

జవాబు: ఇద్దరూ మీ మంచికే చెప్పారండీ, కానీ ఇద్దరూ యాప్‌ని ఎలా తెరుస్తామన్నదే చూస్తున్నారు. నేనైతే ముందు అడిగేది మీ లిస్టు అసలు ప్రతి ఎక్కడ ఉంటుందని. అది తేలితే మిగతావన్నీ దాదాపు వాటంతటవే తేలిపోతాయి.

ఇన్‌స్టాల్ చేసుకున్నాం కదా అని లిస్టు మన మెషీన్‌లోనే ఉందనుకుంటాం. టూడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ లాంటివి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నా అసలు ప్రతి కంపెనీ సర్వర్‌లోనే ఉంటుంది, మీ దగ్గరున్నది దాని నకలు. పైగా ఇప్పుడు డెస్క్‌టాప్ యాప్‌ల పేరుతో వస్తున్నవాటిలో చాలా వాటిని ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ చట్రం మీద కడుతున్నారు, అంటే యాప్ లోపల క్రోమ్‌కి మూలమైన క్రోమియం బ్రౌజరే దాక్కుని ఉంటుంది, మీరు ట్యాబ్‌లో చూసే పేజీనే అది ఇంకో కిటికీలో చూపిస్తుంది. అలాగని ఎలక్ట్రాన్ కనిపిస్తే చాలు డేటా బయటికి పోతుందని కూడా అనుకోకండి. నోట్స్ రాసుకునే అబ్సిడియన్ యాప్ కూడా దాని మీద కట్టిందే, కానీ అందులో రాసుకున్నదంతా మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది. టాస్క్‌వారియర్ లాంటివైతే ఖాతా కూడా అడగవు, లిస్టు అంతా మీ డిస్క్‌లోనే. కాబట్టి పైకి కనిపించే రూపాన్ని బట్టి ఏదీ తేల్చలేం.

తేల్చుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. ఏ యాప్‌నైనా నమ్మి వంద పనులు ఎక్కించేముందు ఇది చేయండి. నాలుగైదు ఉత్తుత్తి పనులు రాసి, యాప్‌ని పూర్తిగా మూసేసి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ తెరవండి. తెరుచుకుందా? తెరుచుకుంటే కొత్త పని ఒకటి రాయండి, పాతదాని తేదీ మార్చండి, ఒకదానికి టిక్ పెట్టండి, మీరు జతచేసిన ఫైలు తెరుచుకుంటుందేమో చూడండి, వెతికితే పాత పనులు దొరుకుతున్నాయో లేదో చూడండి. చాలా యాప్‌లు లిస్టు చూపిస్తాయి గానీ ఫైలు దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. తర్వాత నెట్ ఆన్ చేసి, ఆ మార్పులన్నీ రెండో మెషీన్‌లో కనిపిస్తున్నాయా అని చూసుకోండి. బ్రౌజర్ యాప్‌కి కూడా ఇదే పరీక్ష, కాకపోతే ట్యాబ్ మూసేసి, నెట్ తీసేసి మళ్లీ తెరవాలి. ట్యాబ్ తెరిచే ఉంచి నెట్ తీస్తే పరీక్షే కాదది, పేజీ అప్పటికే మెమరీలో ఉంటుంది కాబట్టి అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

ఇక మీ సంగతి. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ మూడూ ఉన్నాయన్నారు కాబట్టి థింగ్స్ అనే టాస్క్ యాప్‌ని పక్కన పెట్టేయండి, ఎంత బాగున్నా అది యాపిల్ పరికరాల మీదే నడుస్తుంది, దానికి వెబ్ వెర్షన్ కూడా లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో మీ ఇష్టం వచ్చింది ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సాధారణంగా అనుమతి ఉండదు, ఉన్నా చేయకండి, రేపు ఆ సంస్థతో పని అయిపోయాక మెషీన్ వాళ్లకి తిరిగిచ్చేస్తారు, మీ ఖాతా మాత్రం అందులో తెరిచే ఉండిపోతుంది. అందుకే అక్కడ బ్రౌజరే, అదీ పని అవగానే లాగౌట్. ఆఫీసు మెషీన్‌లో తెరిచింది ఆఫీసు వాళ్లు చూడగలరు అనుకునే రాసుకోండి, ఇంటి విషయాలకి వేరే లిస్టు పెట్టుకుని దాన్ని అక్కడ తెరవకపోతే ఇంకా మంచిది. నెట్ సరిగ్గా అందని చోట మీ చేతిలో ఉండేది ఫోనే కాబట్టి అందులో మాత్రం యాప్ తప్పకుండా ఇన్‌స్టాల్ చేసుకోండి. ఇంట్లో మ్యాక్‌లో ఏదైనా ఫర్వాలేదు.

ఏదైనా ఫర్వాలేదన్నాను గానీ అనువాదం చేసేవాళ్లకి ఇన్‌స్టాల్ చేసిన దాంట్లో ఒక సుఖం ఉంది. వాక్యం మధ్యలో ఉండగా "ఫలానా వాళ్లకి బిల్లు పంపాలి" అని గుర్తొస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన యాప్ అయితే కీబోర్డ్ షార్ట్‌కట్ నొక్కగానే చిన్న పెట్టె వస్తుంది, రాసి ఎంటర్ కొట్టి మళ్లీ వాక్యంలోకి వచ్చేస్తారు. బ్రౌజర్ అయితే ట్యాబ్ వెతుక్కోవాలి, ఆ దారిలో మెయిల్ కనిపిస్తుంది, దాంట్లో ఇంకేదో కనిపిస్తుంది, రాయాల్సిన పని రాయకుండానే పావుగంట పోతుంది. పనులు గుర్తొచ్చిన క్షణంలో రాసుకోగలిగితేనే లిస్టుకి విలువ, అందుకే నేను మెయిన్ మెషీన్‌లో ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేసిందానికే ఓటేస్తాను. మీకు కావాల్సింది వెబ్, డెస్క్‌టాప్, ఫోను మూడు చోట్లా ఉండి, ఫోన్‌లో నెట్ లేకపోయినా పనిచేసే సర్వీసు. అలాంటివి రెండు తీసుకుని పై పరీక్ష పెట్టి, నెగ్గినదాన్ని ఉంచుకోండి.

ప్రశ్న: ఖాతా అక్కర్లేదు, డేటా ఎక్కడికీ పోదు అని రాసి ఉంటే నమ్మి ఒక వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పనులన్నీ రాసుకున్నాను. కంప్యూటర్ నెమ్మదించిందని బ్రౌజర్ క్లీన్ చేశాను, లిస్టు మొత్తం పోయింది. వెనక్కి తెచ్చుకోవడం ఎలా అన్నా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, అదే సైట్‌ని ఇంకో పరికరంలో ఎప్పుడైనా వాడి ఉంటే ముందు అక్కడ చూడు. లిస్టుని ఎప్పుడైనా ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఫైలుగా బయటికి తీసుకుని ఉంటే, ఆ ఫైలు డౌన్‌లోడ్స్‌లో ఏమైనా ఉందేమో వెతుకు. కంప్యూటర్ మొత్తానికి ఆటోమేటిక్ బ్యాకప్ ఉంటే, అందులో పాత తేదీ నాటి బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్ (బ్రౌజర్ తన డేటా దాచుకునే చోటు) ఉంటుంది, దాన్ని వెనక్కి తెస్తే వచ్చే అవకాశం ఉంది. ఈ మూడూ లేకపోతే గుర్తున్నంత వరకు ఈరోజే కూర్చుని తిరిగి రాసుకోవడమే దారి, రేపటికి ఇంకొన్ని మర్చిపోతావు. ప్రాజెక్టులో తోటివాళ్లతో చేసిన చాట్లు, గైడ్‌కి పంపిన మెయిళ్లు తిరగేస్తే సగం పైగా దొరుకుతాయి.

జరిగిందేమిటంటే, డేటా ఎక్కడికీ పోదు అన్న మాట ఒక రకంగా నిజమే, నువ్వు రాసింది వాళ్ల సర్వర్‌కి పోలేదు. బ్రౌజర్ ఒక్కో సైట్‌కి నీ కంప్యూటర్‌లో కొంత చోటు ఇస్తుంది, లోకల్ స్టోరేజ్ అనీ ఇండెక్స్‌డ్ డీబీ అనీ, అక్కడ ఉంది. హిస్టరీ చెరిపేటప్పుడు కుకీలు, సైట్ డేటా అన్న గడికి టిక్ ఉంటే ఆ చోటు కూడా ఖాళీ అయిపోతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో రాస్తే ఆ కిటికీ మూయగానే పోతుంది. ఇక యాపిల్ వాళ్ల సఫారీ అయితే 2020 నుంచి, బ్రౌజర్ వాడుతూ కూడా ఏడు రోజుల పాటు ఒక సైట్ జోలికి వెళ్లకపోతే ఆ సైట్ స్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడ్) దాచుకున్న డేటాని తనంతట తానే తీసేస్తుంది. ప్రకటనల కోసం మనల్ని వెంబడించే వాళ్లని ఆపడానికి తెచ్చిన నియమం అది, మంచి ఉద్దేశమే, కానీ లిస్టు దాచుకున్నవాళ్లకి కూడా అదే దెబ్బ తగులుతుంది. సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి చేర్చుకుని అక్కడి నుంచే వాడితే మాత్రం ఈ ఏడు రోజుల గడువు వర్తించదు.

ఖాతా లేని వెబ్ యాప్ అంటే నాకు చెడ్డ అభిప్రాయం లేదు, ఆ రోజుకి పనికొచ్చే చిన్న లిస్టుకి అంతకన్నా తేలికైనది ఇంకోటి ఉండదు. ప్రాజెక్టు లాంటి నెలల తరబడి సాగే పనికి మాత్రం వద్దు. ఎవరో ఒకరి దగ్గర రెండో ప్రతి ఉండాలి, సర్వర్ దగ్గరైనా సరే, నీ పెన్‌డ్రైవ్‌లోనైనా సరే.

ప్రశ్న: బ్రౌజర్‌ని నమ్మలేక ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసుకున్నా, అయినా రిమైండర్ రావాల్సిన టైముకి రావట్లేదు. ఫోను తెరిచాక అన్నీ ఒక్కసారిగా వస్తున్నాయి. యాప్ బాగోలేదా?

జవాబు: యాప్ తప్పు కాకపోవచ్చండీ. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, డోజ్ అనే ఏర్పాటు ఉంది. చార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో కాసేపు ఉంటే ఫోను నిద్రలోకి జారుకుని, యాప్‌లు చేసే పనుల్ని, మామూలు అలారంలని కూడా వాయిదా వేసి మధ్యమధ్యలో ఒక్కసారిగా వదులుతుంది. మీకు జరుగుతున్నది సరిగ్గా అదే. దీనికి తోడు కొన్ని ఫోన్ కంపెనీలు బ్యాటరీ ఆదా పేరుతో సొంత నియమాలు కూడా పెట్టాయి, వాటిలో కొన్ని యాప్‌ని వెనకాల నడవనివ్వవు.

సరైన నిమిషానికి మోగాలంటే యాప్‌కి వేరే అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 12లో సెట్టింగ్స్‌లోకి 'అలారమ్స్ అండ్ రిమైండర్స్' అనే అనుమతి వచ్చింది, 13 నుంచి నోటిఫికేషన్లకే విడిగా ఒప్పుకోవాల్సి వస్తోంది, 14లో అయితే కొత్తగా ఇన్‌స్టాల్ చేసే చాలా యాప్‌లకి మొదటిది మనం ఇస్తే తప్ప రాదు. ఫోన్ మార్చినవాళ్లకి సమస్య ఎక్కువగా అక్కడే వస్తుంది, పాత ఫోన్‌లో బాగా మోగిన యాప్ కొత్తదాంట్లో మూగబోతుంది. ఆ రెండు అనుమతులూ ఇచ్చి, బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయండి. తర్వాత ఇంకో అరగంటకి మోగేలా ఒక రిమైండర్ పెట్టి ఫోన్‌ని బల్ల మీద కదల్చకుండా వదిలేసి చూడండి.

ఇంత చేయాలా అని విసుగొస్తుందేమో గానీ, బ్రౌజర్‌తో అయితే ఈ మాత్రం కూడా మన చేతిలో ఉండదు. వెబ్ నోటిఫికేషన్ సర్వర్ నుంచి నెట్ మీద రావాలి, నెట్ లేని సమయంలో మోగుతుందని నమ్ముకోలేం. ఐఫోన్‌లో వెబ్ యాప్‌లకి నోటిఫికేషన్లు వచ్చిందే 2023లో ఐఓఎస్ 16.4తో, అదీ హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్నవాటికే. కాబట్టి టైముకి మోగడమే మీకు ముఖ్యమైతే రెండో ఆలోచన లేకుండా ఇన్‌స్టాల్ చేసిన యాప్. అయితే మందుల వేళ, రైలు వేళ లాంటివాటికి ఏ టాస్క్ యాప్‌నీ నమ్ముకోవద్దు, ఫోన్‌తో వచ్చిన గడియారంలో అలారం పెట్టుకోండి. అలారం గడియారానికి ఫోను ఇచ్చే ప్రాధాన్యం వేరు, డోజ్‌లో ఉన్నా దాన్ని ఆపదు.

ప్రశ్న: రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. పదేళ్లుగా ఒక నోటు పుస్తకంలో పనులు రాసుకునే అలవాటు. ఇప్పుడు కంప్యూటర్‌లోకి మారదామనుకుంటున్నాను. సర్వర్‌లో పెట్టాక ఆ కంపెనీ మూతపడితే నా లిస్టు గతేమిటి? ఇన్‌స్టాల్ చేసుకుంటే ఆ భయం లేదు కదా?

జవాబు: మాస్టారూ, మీ భయంలో న్యాయం ఉంది. ఆస్ట్రిడ్ అని ఒకప్పుడు బాగా పేరున్న టాస్క్ యాప్ ఉండేది, 2013 మే నెలలో యాహూ దాన్ని కొన్నది, అదే ఏడాది ఆగస్టులో మూసేశారు. లక్షలమంది వాడిన వండర్‌లిస్ట్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, దాని బదులు టు డూ తయారుచేసి, 2020 మే 6న వండర్‌లిస్ట్‌ని ఆపేసింది. దాంట్లో కాస్త మేలేమిటంటే పాత లిస్టుల్ని టు డూలోకి తెచ్చుకునే దారి ఇచ్చారు, ఏళ్ల ముందే కబురు కూడా పెట్టారు. ఆస్ట్రిడ్ వాడినవాళ్లకి దొరికిన వ్యవధి నెలల్లోనే.

ఇన్‌స్టాల్ చేసుకుంటే భయం లేదన్నది మాత్రం సగమే నిజం. యాప్ మీ కంప్యూటర్‌లోనే ఉన్నా, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మారిపోతుంటుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత 32 బిట్ యాప్‌లన్నీ ఐఫోన్‌లో తెరుచుకోవడం మానేశాయి, 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనాతో మ్యాక్‌లోనూ అదే జరిగింది. తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వకపోతే, మనం డబ్బు పెట్టి కొనుక్కున్నదైనా ఉన్నచోటే ఉండి పనికిరాకుండా పోతుంది. ఇక కంప్యూటర్ పోయినా, డిస్క్ చెడిపోయినా లిస్టూ దాంతోపాటే పోతుంది. సర్వర్‌లో ఉన్నదానికి బ్యాకప్ కంపెనీ చూసుకుంటుంది, ఇంట్లో ఉన్నదానికి మీరే చూసుకోవాలి, అంత ఓపిక ఉంటుందా లేదా అన్నది మీరే చెప్పుకోవాలి.

అందుకని మీరు యాప్‌లో ముందు వెతకాల్సింది 'ఎక్స్‌పోర్ట్' అన్న మాట. మీరు రాసుకున్నదంతా ఒక ఫైలుగా బయటికి ఇస్తుందా, ఆ ఫైలు ఇంకెక్కడైనా తెరుచుకుంటుందా అని చూడండి. గూగుల్ టాస్క్స్‌లో రాసింది గూగుల్ టేకౌట్ (గూగుల్‌లో ఉన్న మన డేటాని డౌన్‌లోడ్ చేసుకునే సర్వీసు) ద్వారా వస్తుంది, టూడూయిస్ట్ ఒక్కో ప్రాజెక్టునీ సీఎస్‌వీ ఫైలుగా ఇస్తుంది, దాన్ని ఎక్సెల్‌లో తెరుచుకోవచ్చు. వచ్చిన ఫైలు తెరిచి నిజంగా చదవండి మాస్టారూ, ఉందిలే అని ఊరుకోవద్దు. పని పేరు వస్తుంది, తేదీ వస్తుంది, కానీ దాని కింద రాసుకున్న ఉపపనులు, ప్రతినెలా తిరిగొచ్చే పనుల నియమాలు, జతచేసిన ఫైళ్లు, చాలాసార్లు వీటి దగ్గరే ఏదో ఒకటి రాలిపోతుంది.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న దారి ఇంకోటి ఉంది. 2006 నుంచి వాడుకలో ఉన్న టుడూ డాట్ టీఎక్స్‌టీ అనే పద్ధతి. ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, ఒక్కో వరుసకి ఒక్కో పని, ముఖ్యమైనదానికి ముందు బ్రాకెట్‌లో ఒక అక్షరం, పూర్తయితే వరుస మొదట్లో ఒక ఎక్స్. అంతే. దీన్ని చదివే యాప్‌లు ఫోన్‌కీ కంప్యూటర్‌కీ చాలా ఉన్నాయి, ఒకటి మూతపడితే ఇంకోటి పెట్టుకోవచ్చు, ఏదీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. పదేళ్లు పుస్తకంలో రాసుకున్న చేతికి ఇది ఇట్టే అలవాటవుతుందని నా నమ్మకం. రిమైండర్లు మోగడం లాంటివి ఫైలు చేయదు, అది వాడే యాప్‌ని బట్టి ఉంటుంది, దానికి క్యాలెండర్ వాడుకోండి. ఆస్ట్రిడ్ గురించి చెప్పాను కదా, దాని కోడ్ ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా తీసుకుని వాడుకునేలా ఉండబట్టి అందులోంచే టాస్క్స్ డాట్ ఆర్గ్ అనే ఆండ్రాయిడ్ యాప్ పుట్టి ఇప్పటికీ నడుస్తోంది. అది ఫోన్‌లో మాత్రమే దాచమన్నా దాస్తుంది, క్యాలెండర్లనీ పనుల లిస్టుల్నీ సర్వర్‌తో కలిపే క్యాల్‌డావ్ అనే బహిరంగ ప్రమాణం ద్వారా మీకు నచ్చిన సర్వర్‌తో కలపమన్నా కలుపుతుంది. క్యాల్‌డావ్ ఏ ఒక్క కంపెనీదీ కాదు కాబట్టి సర్వర్ మారాల్సి వచ్చినా యాప్ మార్చనక్కర్లేదు.

ప్రశ్న: నలుగురం కలిసి చిన్న ఈవెంట్ల పని చేస్తాం. ఒకే లిస్టు నలుగురికీ కావాలి. ఫంక్షన్ హాళ్లలో సిగ్నల్ ఉండదు. ఒకరు మార్చింది ఇంకొకరు మార్చిందాన్ని చెరిపేస్తోంది, గొడవలు అవుతున్నాయి.

జవాబు: నలుగురు ఒకే లిస్టు మీద రాయాలంటే అసలు ప్రతి సర్వర్‌లో ఉండాల్సిందే, ఇక్కడ వేరే మార్గం చెప్పి మిమ్మల్ని తిప్పలు పెట్టను. ఆఫీసులో ఉండేవాళ్లు బ్రౌజర్‌లో చూసుకోవచ్చు, హాల్‌కి వెళ్లేవాళ్లు మాత్రం ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, బయల్దేరే ముందు నెట్ ఉన్నచోటే ఒకసారి తెరిచి లిస్టు తాజాగా తెచ్చుకుని వెళ్లాలి.

చెరిగిపోవడానికి కారణం ఇది. సిగ్నల్ లేనప్పుడు ఇద్దరు ఒకే పనిని మార్చారనుకోండి, సిగ్నల్ రాగానే రెండు మార్పులూ సర్వర్‌కి చేరతాయి. చాలా యాప్‌లు చివరగా వచ్చినదాన్నే ఉంచుకుంటాయి. మొదటివాళ్లు రాసింది ఏ హెచ్చరికా లేకుండా పోతుంది. దీనికి యాప్ మార్చేకన్నా రాసే తీరు మార్చుకుంటే త్వరగా తీరుతుంది. 'డెకరేషన్' అని ఒకే పని పెట్టి దాని వివరణలో నలుగురూ రాస్తూ పోతే దెబ్బలాట తప్పదు. పూలు ఒక పని, లైట్లు ఒక పని, స్టేజి ఒక పని, ఒక్కోదానికి ఒక్కరి పేరు. చెప్పాల్సినవి వివరణలో దిద్దకుండా కామెంట్‌గా రాయండి, కామెంట్లు ఒకదాని కింద ఒకటి చేరతాయి తప్ప ఒకదాన్నొకటి తుడిచేయవు. టిక్ పెట్టేది కూడా ఆ పని ఎవరి పేరున ఉందో వాళ్లే. మార్పుల చరిత్ర చూపించే యాప్ అయితే ఎవరు ఏది ఎప్పుడు మార్చారో తెలుస్తుంది, ట్రెల్లో లాంటివాటిలో అది పని రాసుకున్న కార్డులోనే కనిపిస్తుంది. ఇక ఈవెంట్ రోజు పొద్దున ఆ రోజు లిస్టుని పీడీఎఫ్‌గా తీసి నలుగురి ఫోన్లలోనూ పెట్టుకోండి, సర్వర్ ఆగినా హాల్లో పని ఆగదు.